జాజ్ ట్రియో, సింఫనీ ఆర్కెస్ట్రా ఒకే వేదిక మీద: నెల్లూరులో ఇలాంటి కచేరీ పెట్టాలంటే

ముందు వరసలో ముగ్గురే ఉంటారు: పియానో, డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం), డ్రమ్స్. ఇది జాజ్ ట్రియో. వాళ్ల వెనక వయొలిన్లు, చెల్లోలు, ఫ్లూట్లు, హార్న్‌లతో నిండు ఆర్కెస్ట్రా. ఈ రెండూ కలిసి వాయించే కచేరీని నెల్లూరులోనో ఒంగోలులోనో పెట్టాలని అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సంగీత సభ నడిపేవాళ్లయినా, కాలేజీ కల్చరల్ కమిటీ అయినా, నలుగురు స్నేహితులు కలిసి చేసినా పద్ధతి ఒకటే.

మన ఊళ్లో ఎవరు వింటారు అని ముందే వెనకడుగు వేయకండి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం సొంత జిల్లా ఇది. ఆయన పాటల వెనక మద్రాసు స్టూడియోల్లో వాయించిన వయొలిన్ సెక్షన్లను, వాటి కింద నడిచే బేస్‌ని, డ్రమ్స్‌ని మనవాళ్లు తరాలుగా వింటున్నారు. ఇక మాటల్లేని సంగీతాన్ని గంటలు గంటలు కూర్చుని వినడమా, ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరం విన్న ప్రాంతానికి అదేం కొత్త? చెవులు సిద్ధంగానే ఉన్నాయి. సిద్ధం చేయాల్సింది వేదికని.

ఈ మార్గదర్శి మొత్తంలో నేను పట్టుబట్టేది ఒకటే. డబ్బు రిహార్సల్‌కి పెట్టండి. మిగిలింది లైట్లకీ, ఫ్లెక్సీలకీ, పూలకీ పెట్టండి. ఎందుకో మొదటి మెట్టులోనే తెలుస్తుంది.

1. రెండు బృందాల లయ ఎక్కడ తేడా పడుతుందో తెలుసుకోండి

ఆర్గనైజర్లు చాలామంది ఇది సంగీతకారులు చూసుకునే విషయం అనుకుంటారు. కానీ ఇది తెలియకపోతే హాలు, స్టేజి, సౌండ్, టైం టేబుల్ అన్నీ తప్పుతాయి.

ఆర్కెస్ట్రా కండక్టర్ (ముందు నిలబడి చేతులతో వేగం చూపించే మనిషి) చేతిని చూసి వాయిస్తుంది. చెయ్యి కిందికి దిగిన క్షణానికి ఒక్క పిసరు తర్వాత శబ్దం పుడుతుంది. అది పొరపాటు కాదు, అంతమంది ఒక్కటిగా ఊపిరి తీసుకుని మొదలుపెట్టే పద్ధతే అంత. జాజ్ ట్రియోకి కండక్టర్ ఉండడు. బేస్, డ్రమ్స్ ఒకరినొకరు వింటూ దెబ్బ మీద కచ్చితంగా, ఒక్కోసారి దెబ్బకి కాస్త ముందుగానే ఉంటారు. ఈ రెండింటినీ పక్కపక్కన కూర్చోబెడితే ఆర్కెస్ట్రా లాగుతున్నట్టు, ట్రియో పరిగెడుతున్నట్టు వినిపిస్తుంది.

దీనికి దూరం తోడవుతుంది. మన వేడికి శబ్దం సెకనుకి దాదాపు 350 మీటర్లు వెళ్తుంది. డ్రమ్స్‌కి పది మీటర్ల వెనక కూర్చున్న హార్న్ ప్లేయర్‌కి ఆ దెబ్బ సుమారు 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆయన దాన్ని విని వాయిస్తే, ఆ శబ్దం తిరిగి ముందుకి రావడానికి ఇంకో 29. అందుకే వెనకవాళ్లు చెవిని కాదు, కంటిని నమ్మాలి. డ్రమ్మర్ కూడా కండక్టర్‌ని చూడగలిగేచోట ఉండాలి.

మూడోది స్వింగ్. రెండు సమానమైన స్వరాలు కాగితం మీద రాసి ఉంటే జాజ్‌వాళ్లు మొదటిదాన్ని పొడుగ్గా, రెండోదాన్ని పొట్టిగా వాయిస్తారు. ఎంత పొడుగు అన్నది వేగాన్ని బట్టి మారుతుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు తేడా బాగా తెలుస్తుంది, వేగం పెరిగేకొద్దీ రెండూ సమానానికి దగ్గరవుతాయి. ఇది నొటేషన్‌లో పట్టుబడదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న ఇరవై నాలుగు మంది తీగ వాద్యాలవాళ్లని రెండు రిహార్సల్స్‌లో స్వింగ్ చేయించాలని చూడకండి. వాళ్లకి పొడుగు స్వరాలు, నిలిచే శ్రుతులు, సూటిగా పడే దెబ్బలు ఇవ్వండి. ఊపు ట్రియో చూసుకుంటుంది.

ఇలాంటి ప్రయోగాలకి వందేళ్ల చరిత్ర ఉంది. 1924 ఫిబ్రవరి 12న న్యూయార్క్ ఎయోలియన్ హాల్లో జార్జ్ గెర్ష్విన్ 'రాప్సడీ ఇన్ బ్లూ' మొదటిసారి వాయించాడు. వాద్యబృందం పాల్ వైట్‌మన్‌ది, దానికి తగ్గట్టు రాసిచ్చింది ఫెర్డీ గ్రోఫె. 1959లో లియొనార్డ్ బెర్న్‌స్టీన్ న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌తో, డేవ్ బ్రూబెక్ క్వార్టెట్‌తో (నలుగురి జాజ్ బృందం) కలిసి హోవార్డ్ బ్రూబెక్ రాసిన రచనని వాయింపించాడు. అందులో ఆర్కెస్ట్రా భాగం మొత్తం రాసిందే, క్వార్టెట్‌కి మాత్రం మనోధర్మానికి చోటు ఉంది. 1965లో బిల్ ఎవాన్స్ ట్రియో క్లాస్ ఓగర్‌మన్ నడిపిన ఆర్కెస్ట్రాతో ఒక ఆల్బమ్ రికార్డ్ చేసింది. మీ కమిటీలో అందరూ ఈ మూడూ వినాలి. ముఖ్యంగా ఎవాన్స్ ఆల్బమ్‌లో తీగలు ఎంత తక్కువ వాయిస్తాయో, ట్రియోకి ఎంత ఖాళీ వదులుతాయో గమనించండి. మీ కచేరీకి కావాల్సింది ఆ ఖాళీయే.

2. తేదీ: పంచాంగం, తుపాను రెండూ చూడండి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. ఆ నెలల్లో లారీలో పియానో తెప్పించడం కొరివితో తల గోక్కోవడమే. డిసెంబర్లో క్రిస్మస్ కచేరీలతో చెన్నైలో పాశ్చాత్య వాద్యాలవాళ్లు దొరకరు కూడా. ఏప్రిల్ వచ్చిందంటే ఎండలు, మార్చిలో పరీక్షలు.

నా లెక్కలో మంచి సమయం జనవరి, అందులోనూ పుష్యమాసం నడిచే రోజులు. పుష్యం శూన్యమాసం కాబట్టి పెళ్లిళ్లుండవు. కల్యాణమండపాలు ఖాళీగా ఉంటాయి, లాడ్జిల్లో గదులు దొరుకుతాయి, పక్క వీధిలో బ్యాండ్ మేళం మోగదు. మాఘం మొదలైతే ఈ మూడూ పోతాయి. ఏ ఏడు పుష్యం ఎప్పటిదాకా ఉందో పంచాంగం చూసుకుని, సంక్రాంతి మూడు రోజులు వదిలేసి తేదీ పెట్టుకోండి. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి. కార్యక్రమంలో ఒక కీర్తన పెట్టడానికి అంతకన్నా మంచి సందర్భం ఉండదు.

తేదీకి కనీసం ఆరు నెలల ముందు పని మొదలుపెట్టాలి. అరేంజ్‌మెంట్ (ఏ వాద్యం ఏం వాయించాలో రాసే పని) రాయడానికే అందులో సగం పోతుంది.

3. మనుషులు

నెల్లూరుకి చెన్నై రోడ్డున 175 కిలోమీటర్లు. ఈ ఒక్క విషయం మీద మీ కచేరీ మొత్తం నిలబడుతుంది. సినిమా రికార్డింగుల వల్ల స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చూసి వెంటనే వాయించగల తీగ వాద్యాలవాళ్లు చెన్నైలో ఉన్నారు. 2008లో ఏఆర్ రెహమాన్ మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటి చోట్ల చదువుకున్న కొత్త తరం కూడా ఉంది. మన జిల్లాల చర్చి క్వయర్లలో నొటేషన్ చదవగలిగిన పిల్లలుంటే వాళ్లని కూడా అడగండి. ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురైనా వేదిక మీద ఉంటే హాలు నిండే తీరు వేరుగా ఉంటుంది.

సింఫనీ అంటే ఎనభై తొంభై మంది ఉండాలని భయపడకండి. మన హాళ్లకి 36 మంది చాలు. తీగల్లో మొదటి వయొలిన్లు 8, రెండో వయొలిన్లు 6, వయోలాలు 4, చెల్లోలు 4, డబుల్ బేస్‌లు 2, అంటే 24. ఊదే వాద్యాల్లో ఫ్లూట్లు 2, ఓబో 1, క్లారినెట్లు 2, బసూన్ 1, హార్న్‌లు 2, ట్రంపెట్లు 2, ట్రాంబోన్ 1. చివరగా టింపనీ, మిగతా తాళవాద్యాలకు ఒకరు. ఓబో, బసూన్ వాయించేవాళ్లు దొరకడం కష్టం. దొరక్కపోతే అరేంజర్‌కి ముందే చెప్పి ఆ స్వరాలు క్లారినెట్‌కి, చెల్లోకి మార్పించండి. కీబోర్డ్‌లో ఓబో శబ్దం పెట్టి నెట్టుకురావద్దు. ముప్పై ఆరు నిజమైన వాద్యాల మధ్య అది ఇట్టే తెలిసిపోతుంది.

ట్రియోని మాత్రం ముగ్గురినీ విడివిడిగా ఏరి తేకండి. ఏళ్లుగా కలిసి వాయిస్తున్న ట్రియోనే పిలవండి. బేస్, డ్రమ్స్ మధ్య నమ్మకం ఒక వారంలో వచ్చేది కాదు.

కండక్టర్‌ని ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "ట్రియో సోలో నడుస్తున్నప్పుడు మీరేం చేస్తారు?" "చెయ్యి దించేసి వింటాను, మళ్లీ కలిసే చోటికి రెండు బార్ల ముందు చెయ్యి ఎత్తుతాను" అనే మనిషి మీకు కావాలి (బార్ అంటే దెబ్బల చిన్న కట్ట). ఆ సోలో అంతా చెయ్యి ఊపుతూనే ఉంటానన్నవాళ్లతో డ్రమ్మర్‌కి పేచీ తప్పదు.

సినిమా రికార్డింగుల అలవాటున్నవాళ్లు హెడ్‌ఫోన్‌లో క్లిక్ (వేగం చెప్పే టిక్ టిక్ శబ్దం) అడుగుతారు. మర్యాదగానే వద్దనండి. క్లిక్ పెడితే తీగలు కచ్చితంగా ఉంటాయి, కానీ ట్రియో చేతులు కట్టేసినట్టవుతుంది.

4. ఏం వాయించాలి

కార్యక్రమం తొంభై నిమిషాలు మించకూడదు. ముందు ఆర్కెస్ట్రా ఒక్కటే ఒక చిన్న రచన. తర్వాత ట్రియో ఒక్కటే రెండు. ఆ తర్వాతే రెండూ కలిసి. ఈ వరస చాలా ముఖ్యం. మొదటిసారి వినేవాళ్లకి రెండు గొంతులూ విడిగా పరిచయం కాకుండా కలిపి వినిపిస్తే అంతా ఒక పెద్ద శబ్దంలా ఉంటుంది.

కలిసి వాయించేవి నాలుగు చాలు. వాటిలో ఒకటి మన రాగంలో ఉండాలని నా గట్టి అభిప్రాయం. అయితే రాగం ఎంపికలో జాగ్రత్త. ఖరహరప్రియ స్వరాలు జాజ్‌వాళ్లు రోజూ వాయించే డోరియన్ స్వరాలే. కల్యాణి లిడియన్, హరికాంభోజి మిక్సోలిడియన్, శంకరాభరణం వాళ్ల మేజర్ స్కేల్. మోహనం ఐదు స్వరాలూ ఏ జాజ్ పియానిస్ట్ వేళ్లకైనా అలవాటే. కాబట్టి ఈ రాగాల్లో ట్రియో మొదటి రోజు నుంచే స్వేచ్ఛగా ఉంటుంది. తోడి లాంటి, గమకమే ప్రాణమైన రాగాలు వద్దు. పద్నాలుగు వయొలిన్లు ఒకే గమకాన్ని ఒకేలా పలకడానికి ఏళ్ల సాధన కావాలి. గమకం లేకుండా వాయిస్తే అది తోడి కాదు.

త్యాగరాజ కీర్తనలకి కాపీరైట్ అడ్డం లేదు. గెర్ష్విన్ విషయం అలా కాదు. ఆయన 1937లో పోయాడు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు లెక్క, కాబట్టి ఆయన రాసింది స్వేచ్ఛగా వాడుకోవచ్చు. కానీ ఆర్కెస్ట్రాకి రాసిన గ్రోఫె 1972 దాకా బతికాడు, ఆయన రాతకి హక్కు వేరే ఉంది. మూల రచన, అరేంజ్‌మెంట్ రెండూ విడివిడి హక్కులు. పాత రచనే కదా అని ఇంటర్నెట్‌లో దొరికిన పార్టులు (ఒక్కో వాద్యానికి విడిగా రాసిన కాగితాలు) ప్రింట్ తీయకండి.

5. అరేంజ్‌మెంట్: ఎంత రాయాలి, ఎంత వదలాలి

ట్రియోకి కాగితం మీద పాట వరస, దాని మీద కార్డ్‌ల (కలిపి పలికే స్వరాల) పేర్లు ఉంటే చాలు. ఆర్కెస్ట్రాకి ప్రతి స్వరమూ రాసి ఉండాలి. ఈ రెండింటినీ కలిపేది సోలో లెక్క.

జాజ్‌లో సోలో అంటే ఇష్టం వచ్చినంత సేపు వాయించడం కాదు. పాట ఆకారం ఒకటి చక్రంలా తిరుగుతుంటుంది, ఆ చక్రం లోపలే కల్పన. కల్పనస్వరాలు వేసేవాళ్లు ఆవర్తనం లెక్క వదలనట్టే ఇదీ. బ్లూస్ చక్రం 12 బార్లు. బారుకి నాలుగు దెబ్బల లెక్కన మన ఆదితాళంలో ఆరు ఆవర్తనాలు. 32 బార్ల పాటైతే పదహారు. మీ ఊరి మృదంగ విద్వాంసుడికి ఈ ఒక్క లెక్క చెప్పండి, మిగతాది ఆయనే పట్టేస్తారు.

ఇందులోంచే టైం లెక్క కూడా వస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో 12 బార్ల చక్రం 24 సెకన్లు. మూడు చక్రాలైతే 72 సెకన్లు. పియానోకి మూడు, బేస్‌కి రెండు, డ్రమ్స్‌కి ఒకటి అని ముందే రాసుకుంటే ఆర్కెస్ట్రా ఎన్ని బార్లు ఆగాలో పార్టులో ముద్రించవచ్చు.

లేదూ, పియానిస్ట్‌కి ఊపు వచ్చినంత సేపు వాయించనివ్వాలంటే సంజ్ఞ పెట్టుకోవాలి. గ్రోఫె తన స్కోర్‌లో (అన్ని వాద్యాల స్వరాలూ ఉన్న రాత) గెర్ష్విన్ సోలో దగ్గర తల ఊపేదాకా ఆగమని రాసిపెట్టాడు, ఎందుకంటే గెర్ష్విన్ ఆ భాగం అప్పటికి కాగితం మీద పెట్టనేలేదు. వందేళ్లయినా అంతకన్నా మంచి పద్ధతి రాలేదు.

ఆ క్షణం ఎలా ఉండాలో కాస్త దగ్గరగా చెబుతాను, ఎందుకంటే కచేరీలు తెగిపోయేది ఇక్కడే. పియానిస్ట్ ఆఖరి చక్రంలోకి వచ్చాక తలెత్తి కండక్టర్‌ని చూస్తారు. కండక్టర్ ఎడమ చెయ్యి ఎత్తి పిడికిలి బిగిస్తారు, ఇదే ఆఖరిదని అర్థం. అది చూసి మొదటి వయొలిన్ లీడర్ వాద్యాన్ని భుజానికి ఎత్తుకుంటారు, ఆయన్ని చూసి సెక్షన్ మొత్తం ఎత్తుకుంటుంది. చక్రంలో చివరి నాలుగు బార్లలో డ్రమ్మర్ బ్రష్‌లు పక్కన పెట్టి కర్రలు తీసుకుంటారు. ఇంకా రెండు బార్లుండగా కండక్టర్ కుడి చెయ్యి కదలడం మొదలవుతుంది, డ్రమ్మర్ రైడ్ సింబల్ (వేగం నడిపించే పెద్ద లోహపు పళ్లెం) మీద ఉన్న వేగాన్నే తీసుకుంటుంది, కొత్త వేగం ఇవ్వదు. మొదటి దెబ్బ మీద ఇరవై నాలుగు విల్లులు ఒక్కసారి దిగుతాయి. ఇక్కడ కండక్టర్ తన వేగం తెచ్చి పెడితే మొత్తం చెడిపోతుంది. రిహార్సల్‌లో సగం సమయం ఈ కలిసే చోట్లకే పెట్టండి.

పార్టులు పెద్ద కాగితం మీద, పేజీ తిప్పే చోట వాద్యానికి విరామం ఉండేలా ప్రింట్ చేయించాలి. ఏ4 కాగితం మీద చిన్న అచ్చు వేస్తే ఒకే స్టాండ్ పంచుకునే ఇద్దరు వయొలినిస్టులు కళ్లు చిట్లించుకుని చూడాల్సి వస్తుంది. ప్రతి పార్టులో బార్ నంబర్లు ఉండాలి. అవి లేకపోతే రిహార్సల్‌లో ఎక్కడ నుంచి అన్న ప్రశ్నకే గంట పోతుంది.

6. హాలు

నెల్లూరులో పురమందిరం, కస్తూర్బా కళాక్షేత్రం, ఒంగోలులో ఎన్టీఆర్ కళాక్షేత్రం అందరికీ తెలిసినవే. కల్యాణమండపాలూ ఉన్నాయి. ఏదైనా సరే, వెళ్లి ఖాళీ హాల్లో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. శబ్దం గోడల మధ్య టకటకమని కొట్టుకుంటుంటే డ్రమ్స్ అక్కడ ముద్దయిపోతాయి.

ఆర్కెస్ట్రాకి శబ్దం రెండు సెకన్ల దాకా నిలిచే హాలు ఇష్టం. జాజ్ డ్రమ్స్‌కి అందులో సగం కూడా ఎక్కువే. రెండూ ఒకేచోట కుదరవు కాబట్టి డ్రమ్స్ వైపే మొగ్గండి. శబ్దం తక్కువ నిలిచే హాల్లో తీగలకి మైకు ద్వారా కొంచెం నిడివి కలపవచ్చు. ప్రతిధ్వనించే హాల్లో డ్రమ్స్‌ని మాత్రం ఏం చేసినా శుభ్రం చేయలేరు. టైల్స్ నేల, నున్నటి గోడలు ఉన్న మండపమైతే పక్క గోడలకి దళసరి తెరలు మడతలు పడేలా వేలాడదీయించండి, నడిచే దారుల్లో జంపఖానాలు పరిపించండి.

స్టేజి కనీసం 40 అడుగుల వెడల్పు, 28 అడుగుల లోతు. తక్కువైతే ముందుకి ప్లాట్‌ఫాం కట్టించాలి. తొమ్మిది అడుగుల కాన్సర్ట్ గ్రాండ్ పియానో దాదాపు 480 కిలోలుంటుంది, అంత బరువూ మూడు కాళ్ల మీద పడుతుంది. టెంట్‌హౌస్ ప్లైవుడ్ దాన్ని మోయలేదు. పియానో ఎప్పుడూ పక్కా స్టేజి మీదే, కట్టించిన భాగం మీద వయొలిన్లు. ఆరు, ఏడు అడుగుల గ్రాండ్ అయితే మన హాళ్లకి ధారాళంగా సరిపోతుంది.

కుర్చీల గురించి ఎవరూ ఆలోచించరు. టెంట్‌హౌస్‌వాళ్లిచ్చే చేతుల ప్లాస్టిక్ కుర్చీల్లో చెల్లో వాయించలేరు, వయొలిన్ విల్లు కూడా చేతికి తగులుతుంది. చేతులు లేని, సీటు చదునుగా ఉన్న కుర్చీలు కావాలి. స్టాండ్‌లు తీగలకి ఇద్దరికొకటి చొప్పున 12, మిగతా వాద్యాలకి 12, కండక్టర్‌కి ఒకటి, ట్రియోకి మూడు, మొత్తం 28. చెల్లో, డబుల్ బేస్ కింద ఇనుప మొన జారకుండా ఒక్కొక్కరికీ చిన్న జంపఖానా ముక్క వేయండి. స్టేజి మీద ఫ్యాన్లు ఉంటే కాగితాలు ఎగురుతాయి. అన్ని స్టాండ్‌లకీ బట్టల క్లిప్పులు పెట్టండి.

7. రిహార్సల్

మొదటి రెండు రిహార్సల్స్ చెన్నైలోనే పెట్టండి, ఒక్కోటి మూడు గంటలు. అందరినీ నెల్లూరు తెచ్చి పెట్టడం కన్నా ఖర్చు చాలా తక్కువ. మొదటిదాంట్లో తొలి గంట తీగలు ఒక్కటే, ట్రియో లేకుండా. మూడోది కచేరీకి ముందురోజు సాయంత్రం ఇక్కడి హాల్లో, పూర్తి కార్యక్రమం, ఎక్కడా ఆపకుండా. కచేరీ రోజు సౌండ్ చెక్ మాత్రమే, గంట మించకూడదు. పెదవులతో ఊదేవాళ్లని మధ్యాహ్నం అలసిపోయేలా చేస్తే సాయంత్రం హార్న్ పలకదు.

బడ్జెట్ బిగుసుకున్నప్పుడు కమిటీలో ఎవరో ఒకరు ఒక రిహార్సల్ తగ్గిద్దామంటారు. ఒప్పుకోకండి. నలుగురు వయొలినిస్టులని తగ్గించండి, ఎల్‌ఈడీ తెర తీసేయండి, సావనీర్ మానేయండి. రిహార్సల్ మాత్రం తగ్గించకండి.

8. కూర్చోబెట్టడం, సౌండ్

ప్రేక్షకుల వైపు నుంచి చూస్తే పియానో ఎడమ ముందు, దాని మూత ప్రేక్షకుల వైపు తెరుచుకునేలా. పియానో వంపులో డబుల్ బేస్. దాని పక్కన డ్రమ్స్. ముగ్గురి మధ్య దూరం రెండు మీటర్లు దాటకూడదు, ఒకరి ఊపిరి ఒకరికి వినపడాలి. కండక్టర్ వాళ్లకి కాస్త వెనక, ఎత్తు పీట మీద, డ్రమ్మర్‌కి ఓరకంటికి అందేలా. ఎడమన వయొలిన్లు, కుడివైపు చెల్లోలు, ఆర్కెస్ట్రా డబుల్ బేస్‌లు. ట్రియో బేస్ ఆ రెండు బేస్‌లకి దగ్గరగా ఉంటే లయ ఆర్కెస్ట్రాలోకి అక్కడి నుంచే పాకుతుంది. డ్రమ్స్‌కి, వెనకున్న చెల్లోలకి మధ్య రెండు మీటర్ల ఖాళీ వదలండి.

సౌండ్‌వాళ్లతో చాలా ముందే కూర్చుని మాట్లాడాలి. మన దగ్గర సౌండ్ కుర్రాళ్లు పనిమంతులు, కానీ వాళ్ల చేతికి జాతర ప్రోగ్రాముల అలవాటు ఉంటుంది.

"అన్నా, డ్రమ్స్‌కి ఎనిమిది మైకులు పెడతా, అదిరిపోద్ది."

"వద్దు తమ్ముడూ, ఇవాళ డ్రమ్స్‌కి పైన రెండు చాలు. ముందు వయొలిన్లు వినపడనీ."

ఈ సంభాషణ సౌండ్ చెక్ రోజు కాదు, నెల ముందు జరగాలి. చిన్న హాల్లో డ్రమ్స్‌కి మైకు లేకపోయినా వినపడతాయి. మైకులు కావాల్సింది తీగలకి. ఇద్దరికి ఒకటి చొప్పున వాద్యానికి తగిలించే చిన్న మైకులైతే డ్రమ్స్ శబ్దం వాటిలోకి తక్కువ చొరబడుతుంది. స్టాండ్ మీద పైనుంచి వేలాడే మైకుల్లో వయొలిన్ కన్నా సింబల్ ఎక్కువ పడుతుంది.

అద్దెకి దొరికే డ్రమ్ సెట్లలో బేస్ డ్రమ్ సాధారణంగా 22 అంగుళాలు ఉంటుంది. జాజ్‌కి 18 అంగుళాలది కావాలి, చెన్నై నుంచి తెప్పించండి. సన్నని పారదర్శక ఫలకం డ్రమ్స్ వెనక నిలబెడితే చెల్లోవాళ్ల చెవులకి రక్ష. ముందు నిలబెట్టకండి, డ్రమ్మర్ ఒంటరివాడైపోతాడు.

సౌండ్ చెక్‌లో ఒక పరీక్ష చేయండి. డ్రమ్మర్‌ని బ్రష్‌లతో మెల్లగా స్నేర్ (సెట్‌లో ముందుండే చిన్న డ్రమ్) మీద రుద్దమనండి. మొదటి వయొలిన్లని అతి మెల్లగా ఒక పొడుగు స్వరం పట్టమనండి. మీరు వెళ్లి హాల్లో చివరి వరసలో కూర్చోండి. బ్రష్ గరగర, వయొలిన్ దారంలాంటి స్వరం రెండూ విడివిడిగా వినిపించాలి. ఒకటి రెండోదాన్ని మింగేస్తుంటే, మింగేదాన్ని తగ్గించండి, రెండోదాన్ని పెంచకండి. పెంచుకుంటూ పోతే అరగంటలో అన్నీ పెరిగిపోయి మళ్లీ జాతర దగ్గరే తేలతారు.

9. అనుమతులు, కరెంటు

పోలీసు అనుమతి, హాలు అనుమతి, వాయించే రచనల పబ్లిక్ పర్ఫార్మెన్స్ లైసెన్స్. ఈ మూడూ నెల ముందే చేతిలో ఉండాలి. ఆరుబయట పెడితే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది దాటి లౌడ్‌స్పీకర్ నడవకూడదు. అయినా ఈ కచేరీ ఆరుబయట వద్దు. సముద్రపు గాలి తేమకి తీగల శ్రుతి తప్పుతుంది.

జనరేటర్ హాలు గోడకి ఆనించి పెట్టనివ్వకండి. కేబుల్ ఎంత పొడుగైతే అంత దూరం. దాని గుడగుడ డబుల్ బేస్ స్వరాల్లోనే కలుస్తుంది.

10. కచేరీ రోజు

పొద్దున్నే ఏసీ వేసి, స్టేజి లైట్లు వెలిగించి, సాయంత్రం ఎంత చల్లదనం ఉంటుందో అంతకి తెచ్చాకే పియానో శ్రుతి చేయించండి. 'A' స్వరం 440 హెర్ట్జ్. శ్రుతి అయ్యాక రాత్రి దాకా ఏసీ కట్టేయకూడదు. పొదుపు కోసం మధ్యాహ్నం ఆపితే ఆ డబ్బు ట్యూనర్‌కే రెండోసారి ఇవ్వాల్సి వస్తుంది.

అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ కచేరీ మొదలవక ముందే ముగించండి. మధ్యలో వద్దే వద్దు. ముప్పై తొమ్మిది మంది చల్లబడిన చేతులతో వెనక నిలబడి ఉంటారు, ఇత్తడి వాద్యాలు చల్లబడితే శ్రుతి దిగుతుంది.

రెండు బృందాలూ కలిసే ముందు రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడించండి. ఒకే చిన్న సంగతిని ముందు వయొలిన్లతో, తర్వాత ట్రియోతో వాయించి చూపిస్తే చాలు, జనానికి విషయం అర్థమైపోతుంది. సోలో అయ్యాక సంగీతం నడుస్తుండగానే చప్పట్లు కొట్టొచ్చని, తని ఆవర్తనానికి కొట్టినట్టే కొట్టమని చెప్పండి. మనవాళ్లకి అది చెప్పాల్సిన పని కూడా లేదేమో గానీ, పాశ్చాత్య కచేరీ అనగానే కొంతమంది బిగుసుకుని కూర్చుంటారు.

మధ్యాహ్నం భోజనం తేలిగ్గా పెట్టండి. నెల్లూరు చేపల పులుసు, మలైకాజా రాత్రి కచేరీ అయ్యాక. చెన్నై నుంచి వచ్చినవాళ్లు దాని గురించి మొదటి రిహార్సల్ రోజు నుంచే అడుగుతుంటారు, కాబట్టి ఎంతమందికి కావాలో కేటరింగ్‌వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

11. అయ్యాక

పారితోషికాలు ఆ రాత్రే, కవర్లలో పేర్లు రాసి, ఒక్కొక్కరి చేతికి ఇవ్వండి. రెండో రోజు పంపిస్తామన్న మాట చెన్నై సంగీతకారుల మధ్య చాలా వేగంగా తిరుగుతుంది, మళ్లీ పిలిస్తే రారు.

పెద్ద వాద్యాల వ్యాన్ వెనక తలుపు దగ్గరే ఉండాలి. డబుల్ బేస్‌లు, టింపనీ మొదట ఎక్కించాలి. వాళ్లు భోజనాలకి వెళ్లేలోపు మీ మనిషి ఒకరు స్టాండ్‌ల మధ్య తిరిగి పార్టులన్నీ ఏరి, వాద్యం పేరు చూసి వరసలో పెట్టి, 24 కట్టలు సరిగ్గా ఉన్నాయో లేదో లెక్క చూసుకోవాలి. అద్దెకి తెచ్చినవైతే పెన్సిల్ గుర్తులు చెరిపి తిరిగి పంపాలి, పంపే ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి. మీరే రాయించినవైతే ఆ గుర్తులు చెరపకండి. ఎక్కడ విల్లు పైకి, ఎక్కడ ఊపిరి, ఎక్కడ డ్రమ్మర్‌ని చూడాలి అని మూడు రిహార్సల్స్‌లో వాళ్లు రాసుకున్నవన్నీ అందులో ఉంటాయి. ఇదే కార్యక్రమం రేపు ఒంగోలులో పెట్టాలంటే ఒక రిహార్సల్ ఖర్చు అక్కడే మిగులుతుంది.